చిన్న కంప్యూటరుకు లినక్స్: ఎవరో రాసిపెట్టిన నాలుగు వరుసలు

(డిగ్రీ విద్యార్థులు, పాఠశాల ఉపాధ్యాయులు కలిసి హాజరైన సభలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనుక వరుసల్లో ఉన్నవారు దయచేసి ముందుకు రండి. తెర మీద చిన్న అక్షరాలు చూపించాల్సి ఉంటుంది. ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, రండి.

2025 అక్టోబరు 14. ఆ రోజుతో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కి మారాలంటే కనీసం 4 జీబీ ర్యామ్ ఉండాలి, 64 జీబీ నిల్వ ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. మరి 2 జీబీ ర్యామ్, 32 జీబీ నిల్వతో కొన్న చిన్న కంప్యూటర్ల సంగతేమిటి? కీబోర్డు తగిలిస్తే లాప్‌టాప్, ఊడదీస్తే టాబ్లెట్. బరువు కిలోకు అటూఇటూ. 2014 తరువాత కొన్నేళ్ల పాటు మన దేశంలో తక్కువ ధరకు చాలా పేర్లతో వచ్చాయి. మీలో ఎంతమంది ఇళ్లలో అలాంటిది ఒకటైనా ఉంది? చేతులెత్తండి. చూశారా, దాదాపు సగం గది! వాటిలో ఎన్ని ఇప్పుడు వాడుకలో ఉన్నాయి? ఇప్పుడు రెండు చేతులే కనిపిస్తున్నాయి.

అలాంటి కంప్యూటర్ల మీద విండోస్‌కు బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడపడం గురించి మాట్లాడటానికి వచ్చాను. నడుస్తుందా? నడుస్తుంది. అన్నీ నడుస్తాయా? అన్నీ నడవవు. ఎందుకు కొన్ని నడుస్తాయి, ఎందుకు కొన్ని నడవవు? ఈ రోజు నేను చెప్పదలచుకున్నది అదే.

నన్ను కలిసిన ప్రతివారూ మొదట అడిగే ప్రశ్న ఒకటే: "సార్, 2 జీబీ ర్యామ్ సరిపోతుందా?" అది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న వేరే ఉంది. ఈ కంప్యూటరు లోపల ఉన్న విడిభాగాల గురించి లినక్స్ కెర్నెల్‌కు, అంటే విడిభాగాలను నడిపించే దాని కేంద్ర భాగానికి, ఎవరైనా చెప్పి ఉన్నారా? చెప్పి ఉంటే పదేళ్ల పాతదైనా హాయిగా పనిచేస్తుంది. చెప్పకపోతే నిన్న కొన్నదైనా టచ్ పనిచేయదు, తెర తలకిందులుగా వస్తుంది, శబ్దం రాదు. ర్యామ్ గురించి తరువాత మాట్లాడుకుందాం. ముందు ఈ "చెప్పడం" ఏమిటో చూద్దాం.

కొంచెం వెనక్కి వెళ్తాను. 2007లో ఒకే ఏడాది రెండు చిన్న కంప్యూటర్లు వచ్చాయి. ఒకటి పిల్లల కోసం చేసిన ఎక్స్‌ఓ, 'పిల్లకొక లాప్‌టాప్' అనే పథకంలోది. 256 ఎంబీ ర్యామ్, 1 జీబీ నిల్వ, అంతే. దాని తెరను తిప్పి వెనక్కి మడిస్తే పుస్తకంలా చేతిలో పట్టుకుని చదువుకోవచ్చు. నేటి మడత లాప్‌టాప్‌లకు అది ముందు తరం. మన దేశంలో మహారాష్ట్రలోని ఖైరత్ అనే చిన్న ఊరి బడిలో దానిని ప్రయోగాత్మకంగా పిల్లలకు ఇచ్చారు. రెండోది ఆసుస్ ఈఈఈ పీసీ 701. ఏడు అంగుళాల తెర, 512 ఎంబీ ర్యామ్, 4 జీబీ నిల్వ. ఎక్స్‌ఓలో ఫెడోరా మీద కట్టిన వ్యవస్థ, ఈఈఈ పీసీలో జాండ్రోస్. ఫెడోరా, జాండ్రోస్ లినక్స్ డిస్ట్రోలు, అంటే లినక్స్‌ను వేర్వేరు సంస్థలు కట్టి ఇచ్చే రూపాలు. ఆ రెండు కంప్యూటర్లూ మొదట లినక్స్‌తోనే వచ్చాయి, గుర్తుంచుకోండి. చిన్న కంప్యూటరు మీద లినక్స్ అనేది ఎవరో ఔత్సాహికులు తరువాత అతికించిన సంగతి కాదు. ఆ రకం కంప్యూటరు బజారులోకి వచ్చిందే లినక్స్‌తో.

ఈ రెండింటిలో లినక్స్ అంత సాఫీగా ఎలా నడిచింది? చేసినవారే చిప్పులు ఎంచుకున్నారు, చేసినవారే వాటిని నడిపే ప్రోగ్రాములు, అంటే డ్రైవర్లు, చూసుకున్నారు. తరువాత చిన్న లాప్‌టాప్‌లన్నీ విండోస్‌తో రావడం మొదలైంది. చిప్పుల ఎంపిక విండోస్‌ను దృష్టిలో పెట్టుకుని జరిగింది. 2008లో వచ్చిన ఇంటెల్ జీఎంఏ 500 అనే గ్రాఫిక్స్ దీనికి ఉదాహరణ. పేరు ఇంటెల్‌దే, లోపలున్నది మాత్రం ఇమాజినేషన్ టెక్నాలజీస్ అనే వేరే సంస్థ చేసిన పవర్‌వీఆర్ డిజైను. దానికి లోపలి రాత అందరికీ తెరిచి ఉన్న, సరైన స్వేచ్ఛా డ్రైవర్ లేక, ఆ చిప్ ఉన్న ఎన్నో చక్కని చిన్న లాప్‌టాప్‌లు లినక్స్ కింద వీడియో కూడా సరిగా ఆడించలేకపోయాయి. ప్రాసెసర్‌కు బలం లేక కాదు, ర్యామ్ చాలక కాదు, చిప్ గురించి చెప్పేవారు లేక.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇక్కడ కాస్త శ్రద్ధగా వినండి, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది.

మామూలు డెస్క్‌టాప్‌కు మౌసు తగిలించారు. వెంటనే పనిచేస్తుంది. ఎందుకు? యూఎస్‌బీ ద్వారా వచ్చిన ప్రతి పరికరం తన పేరు, తయారీదారు సంఖ్య, తన రకం తానే చెప్పుకుంటుంది. బోర్డులో గుచ్చే పీసీఐ కార్డులూ అంతే. మరి టాబ్లెట్ లోపల? టచ్‌స్క్రీను, తెర ఎటు తిరిగిందో చెప్పే సెన్సరు, బ్యాటరీని కొలిచే చిప్, ఇవి ఎక్కువగా ఐ-స్క్వేర్-సీ అనే రెండు తీగల మార్గం మీద ఉంటాయి. కరెంటు తక్కువ తాగుతుంది, చవక, ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. కానీ ఆ మార్గం మీద ఉన్న చిప్ తన పేరు తాను చెప్పుకోదు. ఇంటి నంబర్లు లేని వీధిలోకి ఉత్తరాల సంచీతో వచ్చిన కొత్త పోస్టుమ్యాన్ పరిస్థితి కెర్నెల్‌ది. ఎవరో ఒకరు చెప్పాలి: ఫలానా చోట ఫలానావారు ఉన్నారు అని.

తయారీదారు పరికరం లోపలే పెట్టే ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. ఆ చెప్పే పని కంప్యూటరు ఫర్మ్‌వేర్‌లోని ఏసీపీఐ పట్టికలది. తయారీదారు వాటిని సరిగ్గా నింపితే సమస్యే లేదు. కానీ చవక టాబ్లెట్లలో ఏం జరిగింది? చాలా వివరాలను పట్టికలో పెట్టకుండా, తమ విండోస్ డ్రైవర్‌లోనే పెట్టి అమ్మేశారు. విండోస్ ఉన్నంత కాలం అంతా బాగానే ఉంటుంది. విండోస్ తీసేసిన మరుక్షణం ఆ వివరాలు కూడా దానితో పోతాయి.

ఉదాహరణ చెప్తాను. సిలీడ్ అనే సంస్థ టచ్ చిప్పులు చవక టాబ్లెట్లలో ఎక్కువగా కనిపిస్తాయి. ఆ చిప్‌కు తన సొంత ఫర్మ్‌వేర్ నిల్వ లేదు. కంప్యూటరు ఆన్ అయిన ప్రతిసారీ డ్రైవర్ దానికి ఫర్మ్‌వేర్ ఎక్కించాలి. ఆ ఫర్మ్‌వేర్ ఒక్కొక్క మోడల్‌కు ఒక్కొక్కటి, ఎందుకంటే ఒక్కొక్క గాజు పలక కొలతలు వేరు. అడ్డం ఎన్ని బిందువులు, నిలువు ఎన్ని, ఎడమ కుడి తారుమారయ్యాయా, పైన కింద తారుమారయ్యాయా, ఇవేవీ ఏసీపీఐలో లేవు. అందుకే లినక్స్ కెర్నెల్‌లో ఈ టచ్‌స్క్రీన్ల కోసమే ఒక పట్టిక ఉంది. తెర మీద చూడండి, ఇదే ఆ ఫైలు. ఒక్కొక్క మోడల్ పేరు, దాని కింద ఆ నాలుగైదు వివరాలు. చూవీ, ఓండా, టెక్లాస్ట్, జంపర్, ట్రెక్‌స్టోర్. జర్మనీలో అమ్మినవి, చైనాలో అమ్మినవి, రష్యాలో అమ్మినవి. ఈ పట్టికను ఇంతగా పెంచడంలో రెడ్ హ్యాట్ అనే లినక్స్ సంస్థలో పనిచేసిన హాన్స్ డి గోడ్ అనే డచ్ ప్రోగ్రామరు శ్రమ చాలా ఉంది. టచ్‌స్క్రీన్లే కాదు, ఆ కాలపు ఇంటెల్ ఆటమ్ ప్రాసెసర్ టాబ్లెట్లలో బ్యాటరీ శాతం కనబడటం, శబ్దం రావడం, చార్జింగ్ సరిగా జరగడం, వీటిలో చాలా వరకు ఆయన చేయి ఉంది.

ఇంకొంచెం కిందికి వెళ్దాం. ఇదిగో, ఇక్కడ ఆగండి. 'గ్లోబల్‌స్పేస్ టెక్ ప్రైవేట్ లిమిటెడ్'. మన దేశపు సంస్థ పేరు. వాళ్ల 11.6 అంగుళాల కంప్యూటరు ఒకటి ఈ పట్టికలో ఉంది. ఎవరో ఒకరు, ఆ కంప్యూటరు చేతిలో ఉన్నవారు, దాని వివరాలు పంపారు. అంతే, ఆ మోడల్ ఉన్న ప్రతివారికీ టచ్ పనిచేస్తుంది. ఇప్పుడు చెప్పండి, మన దేశంలో మాత్రమే అమ్మిన మోడళ్లు ఎన్ని ఉంటాయి? వాటి వివరాలు నెదర్లాండ్స్‌లో కూర్చున్న మనిషి ఎలా పంపగలడు? ఆయన దగ్గర ఆ కంప్యూటరే లేదు కదా! అది ఉన్నది మన బీరువాలో.

సరే, తెర తిరగడం సంగతి. టాబ్లెట్‌ను నిలువుగా పట్టుకుంటే తెర కూడా నిలువుగా మారాలి. లోపల త్వరణాన్ని కొలిచే సెన్సరు ఉంటుంది, భూమి ఎటువైపు ఉందో అది చెబుతుంది. కానీ ఆ చిప్‌ను బోర్డు మీద ఏ దిక్కుకు అతికించారు? ఒక ఫ్యాక్టరీలో నిలువుగా, ఇంకో ఫ్యాక్టరీలో అడ్డంగా, ఇంకోచోట బోర్లా. దానిని సరిచేయడానికి మూడు వరుసలు, మూడు నిలువుల తొమ్మిది అంకెల పట్టిక కావాలి. మన ఇంటర్ పిల్లలకు మాత్రికలు ఎందుకు నేర్పాలని ఉపాధ్యాయులు ఎవరైనా అడిగితే ఇది చూపించండి. చాలాసార్లు ఆ అంకెలు సున్నా, ఒకటి, మైనస్ ఒకటి మాత్రమే. లినక్స్ తెరుచుకునేటప్పుడు సేవలను మొదలుపెట్టే సిస్టమ్‌డీ అనే ప్రాజెక్టులో ఈ పట్టికల ఫైలు ఉంటుంది. మోడల్ పేరు ఒక వరుస, అంకెలు ఒక వరుస. బాస్టియెన్ నోసెరా రాసిన ఐఐఓ సెన్సర్ ప్రాక్సీ అనే చిన్న సేవ ఆ అంకెలు చదివి, తెరను ఎటు తిప్పాలో డెస్క్‌టాప్‌కు, అంటే తెర మీద మెనూలు, కిటికీలు చూపే ప్రోగ్రాముకు, చెబుతుంది. లినక్స్ పెట్టగానే తెర పక్కకు తిరిగి కనిపిస్తే భయపడకండి. ఏదీ చెడిపోలేదు. మీ మోడల్‌కు ఆ రెండు వరుసలు ఇంకా ఎవరూ రాయలేదు, అంతే.

ఇక్కడిదాకా బాగానే ఉంది కదా? ఎవరికైనా సందేహం ఉంటే ఇప్పుడే అడగండి, చివరిదాకా ఆగవద్దు.

సరే, ఇంకాస్త మొండి సమస్య. పెన్‌డ్రైవ్‌లో లినక్స్ పెట్టుకుని వస్తారు, కంప్యూటరు ఆ పెన్‌డ్రైవ్‌ను అసలు గుర్తించదు. వేరే పెన్‌డ్రైవ్ తెస్తారు, అదీ గుర్తించదు. "ఇందులో లినక్స్ ఎక్కదు" అని తేల్చేస్తారు. జరిగేదేమిటంటే, 2013, 2014 నాటి బే ట్రయిల్ తరం ఆటమ్ ప్రాసెసర్లు 64 బిట్లవి. కానీ చాలా టాబ్లెట్లలో వాటికి జతచేసిన యూఈఎఫ్‌ఐ, అంటే కంప్యూటరును మొదట లేపే ఫర్మ్‌వేర్, 32 బిట్లది. విండోస్ విషయంలో ఫర్మ్‌వేర్ ఎన్ని బిట్లదో విండోస్ కూడా అన్ని బిట్లదే అయి ఉండాలి. 2 జీబీ ర్యామ్ ఉన్నవాటికి 32 బిట్ల విండోస్ వేశారు కాబట్టి ఫర్మ్‌వేర్ కూడా 32 బిట్లదే పెట్టారు. మామూలు 64 బిట్ల లినక్స్ పెన్‌డ్రైవ్‌లో ఉన్న, లినక్స్‌ను మొదలుపెట్టే బూట్ ఫైలు 64 బిట్లది. ఫర్మ్‌వేర్‌కు అది అర్థం కాదు, చూసీ చూడనట్లు వెళ్లిపోతుంది.

మరి దారి? 2014లో వచ్చిన 3.15 కెర్నెల్ నుంచి 32 బిట్ల ఫర్మ్‌వేర్ మీద 64 బిట్ల కెర్నెల్ నడిచే ఏర్పాటు ఉంది. కావలసిందల్లా పెన్‌డ్రైవ్‌లో 32 బిట్ల బూట్ ఫైలు ఒకటి. డెబియన్ అనే డిస్ట్రో 2015లో వచ్చిన తన 8వ వెర్షన్‌లో, 32, 64 బిట్లు రెండింటికీ పనికొచ్చే ఇన్‌స్టాలర్‌లోనే ఈ సౌకర్యం పెట్టింది. ఆసుస్ టీ100 అని 2013 చివరలో వచ్చిన కంప్యూటరు ఒకటి ఉంది, కీబోర్డు ఊడివచ్చే పది అంగుళాలది. ఈ మొత్తం తరానికి అది పెద్దన్న లాంటిది. దాని మీద జనం పడిన తిప్పలే తరువాత వచ్చిన అందరికీ దారి అయ్యాయి.

ఆ తరంలోనే ఇంకో బాధ ఉండేది. లినక్స్ నడుస్తూ నడుస్తూ హఠాత్తుగా బిగుసుకుపోయేది. మౌసు కదలదు, కీబోర్డు పలకదు, పవర్ బటన్ నొక్కి పట్టుకోవడం తప్ప మార్గం లేదు. ప్రాసెసర్ ఖాళీగా ఉన్నప్పుడు లోతైన నిద్రలోకి జారి, మళ్లీ సరిగా లేవలేకపోవడం దానికి కారణం. బూట్ చేసేటప్పుడు ఒక చిన్న ఆదేశం ఇచ్చి, ఆ లోతైన నిద్రను ఆపేస్తే బిగుసుకుపోవడం తగ్గేది. కానీ దానికి మూల్యం బ్యాటరీ. ఆరు గంటలు రావలసింది ఇంకా తక్కువ వస్తుంది. కాబట్టి ఇంటర్నెట్‌లో చూసిన ఆదేశాన్ని కళ్లు మూసుకుని పెట్టేయకండి. ముందు కొత్త కెర్నెల్‌తో అది లేకుండా కొన్ని రోజులు వాడి చూడండి. నిజంగా బిగుసుకుపోతుంటేనే పెట్టండి.

వైఫై కూడా అప్పట్లో పెద్ద అడ్డంకే. ఈ టాబ్లెట్లలో ఎక్కువగా కనిపించే రియల్‌టెక్ 8723బీఎస్ చిప్ డ్రైవర్ 2017లో వచ్చిన 4.12 కెర్నెల్‌లో గానీ చేరలేదు. అంతకుముందు ఎవరికి వారే డ్రైవర్ తెచ్చి కట్టుకోవలసి వచ్చేది. వైఫై లేని కంప్యూటరులోకి వైఫై డ్రైవర్ తేవడం ఎంత కష్టమో ఆలోచించండి. డెబియన్‌తో ఇంకో చిక్కు ఉండేది, ఫర్మ్‌వేర్ ఫైళ్లు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కావు కాబట్టి మామూలు ఇన్‌స్టాలర్‌లో ఉండేవి కావు. 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి ఆ నియమం మార్చుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఆ ఫైళ్లు ఇన్‌స్టాలర్‌లోనే ఉంటున్నాయి. సూత్రాన్ని సడలించారని బాధపడేవారు ఉన్నారు, వారి బాధను నేను గౌరవిస్తాను. అయినా వైఫై తప్ప వేరే మార్గం లేని ఈ చిన్న కంప్యూటర్ల వైపు నిలబడి చూస్తే, ఆ నిర్ణయం సరైనదేనని గట్టిగా చెప్తాను.

సర్ఫేస్ గురించి అడుగుతారని తెలుసు. మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ వాడేవారు ఇక్కడ ఉన్నారా? ఉన్నారు. సెకండ్ హ్యాండ్‌లో ఇప్పుడు బాగా దొరుకుతున్నాయి. 2012లో వచ్చిన మొదటి సర్ఫేస్ ఆర్‌టీ జోలికి వెళ్లవద్దు. అందులో సెక్యూర్ బూట్‌ను, అంటే ఆమోద ముద్ర లేని వ్యవస్థను లేవనివ్వని ఏర్పాటును, ఆపివేసే వీలు యజమానికి ఇవ్వలేదు. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న సర్ఫేస్‌లలో ఆ చిక్కు లేదు. కానీ సర్ఫేస్ ప్రో 4 నుంచి టచ్ వేరే రకం. ఆ చిప్ "ఇక్కడ వేలు పెట్టారు" అని చెప్పదు. తెర మీది విద్యుత్ మార్పుల ముడి అంకెల గుట్టను పంపుతుంది, అందులో వేలు ఎక్కడో, పెన్ను ఎక్కడో, అరచేయి ఎక్కడో ప్రాసెసర్ లెక్కించుకోవాలి. ఆ లెక్క చేసే ప్రోగ్రామును లినక్స్ సర్ఫేస్ అనే ప్రాజెక్టువారు రాశారు. దానికి తగిన కెర్నెల్ కూడా వారే తయారుచేసి ఇస్తున్నారు. కొత్త సర్ఫేస్‌లలో బ్యాటరీ వివరాలు, కొన్ని మోడళ్లలో కీబోర్డు కూడా ఒక ప్రత్యేక చిప్ ద్వారా వస్తాయి. దాని భాషను మాక్సిమిలియన్ లూజ్ అనే ఆయన పరిశోధించి రాసిన డ్రైవర్ 2021లో ప్రధాన కెర్నెల్‌లోకి చేరింది. ఎవరూ పత్రాలు ఇవ్వలేదు, కూర్చుని విని విని అర్థం చేసుకున్నారు. ఇలాంటివారి పేర్లు మన పిల్లలకు తెలియాలని నా కోరిక.

అదే కుటుంబంలో 2018లో వచ్చిన సర్ఫేస్ గో మాత్రం వేరు. పది అంగుళాలు, కీబోర్డు లేకుండా అరకిలో పైచిలుకు. దాని టచ్ అందరూ వాడే పద్ధతిలోనే ఉంది, కాబట్టి మామూలు కెర్నెల్‌తోనే పనిచేస్తుంది. చేతిలో పట్టుకుని చదవడానికి, పాఠం చెప్పడానికి నాకు తెలిసినవాటిలో మంచి ఎంపిక. అయితే 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ ఉన్న మోడల్ కాకుండా 8 జీబీది దొరికితే తీసుకోండి. ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తరువాత పెంచలేరు. కెమెరాల మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. ఆన్‌లైన్ తరగతులకు కెమెరా తప్పనిసరి అయితే కొనేముందే పరీక్షించుకోండి.

ఇప్పుడు ర్యామ్. 2 జీబీతో ఏం చేయగలం? డెస్క్‌టాప్ ప్రోగ్రాము తేలికదైతే లాప్‌టాప్ తేలికగా నడుస్తుందని అందరూ అనుకుంటారు. ఎల్‌ఎక్స్‌క్యూటీ గానీ, ఎక్స్ఎఫ్‌సీఈ గానీ పెట్టండి అంటారు. కీబోర్డు, టచ్‌ప్యాడ్‌తో వాడితే అది నిజమే. కీబోర్డు ఊడదీసి వేలితో వాడాలనుకుంటే? మెనూలు వేలికి అందనంత చిన్నవి, తెర మీద కీబోర్డు దానంతటది రాదు, తెర తిప్పితే డెస్క్‌టాప్ తిరగదు. వేలితో వాడటానికి గ్నోమ్, లేదా కేడీఈ ప్లాస్మా అనే డెస్క్‌టాప్ కావాలి, అది కూడా తెర మీద బొమ్మ చూపే కొత్త పద్ధతి అయిన వేలాండ్ మీద. కాబట్టి ముందు నిర్ణయించుకోవలసింది ఇది: మీకు కావలసింది చిన్న లాప్‌టాపా, టాబ్లెటా? 2 జీబీ ఉంటే నిజాయితీగా చెప్తున్నాను, దానిని చిన్న లాప్‌టాప్‌గా వాడుకోండి. 4 జీబీ ఉంటే గ్నోమ్ పెట్టి టాబ్లెట్‌గా వాడుకోవచ్చు.

అయినా ర్యామ్ తినేది డెస్క్‌టాప్ కాదు, బ్రౌజరు. తెరిచిన ప్రతి పేజీ తన వాటా తాను తీసుకుంటుంది. ఇక్కడ పనికొచ్చేది జెడ్‌ర్యామ్. ర్యామ్‌లోనే కొంత భాగాన్ని వాడుకుని, ప్రస్తుతం వాడని సమాచారాన్ని కుదించి అందులో దాస్తుంది. సాధారణంగా సగం చోటులోనే ఇముడుతుంది. ఫెడోరా 2020లో 33వ వెర్షన్ నుంచి దీనిని ముందే ఆన్ చేసి ఇస్తోంది. డెబియన్‌లో ఒక చిన్న ప్యాకేజీ వేసుకోవాలి. ఈ కంప్యూటర్లలో నిల్వ ఈఎంఎంసీ అనే రకం, ఎస్‌ఎస్‌డీ కంటే బాగా నెమ్మది, అదీ బోర్డుకు అతికించినదే. దాని మీద స్వాప్, అంటే ర్యామ్ చాలనప్పుడు వాడే చోటు, పెట్టి పదేపదే రాయించడం కంటే జెడ్‌ర్యామ్ ఎంతో మేలు. సినిమాలు, పాటలు, పీడీఎఫ్‌లు మైక్రో ఎస్‌డీ కార్డులో పెట్టుకోండి. లోపలి 32 జీబీని వ్యవస్థకే వదిలేయండి.

నిద్ర సంగతి కూడా ఒక మాట. మూత మూసి సంచిలో పెట్టారు, సాయంత్రానికి బ్యాటరీ ఖాళీ. ఇది లినక్స్ తప్పు అంటారు. పాత లాప్‌టాప్‌లు మూత మూయగానే ర్యామ్‌కు తప్ప అన్నిటికీ కరెంటు ఆపేసేవి. కొత్త తేలిక లాప్‌టాప్‌లు చాలావరకు ఆ పద్ధతి వదిలేసి, ఫోనులా సగం మెలకువతో నిద్రపోతాయి. ఏ ఒక్క చిప్ సరిగా పడుకోకపోయినా రాత్రంతా కరెంటు తాగుతూనే ఉంటుంది. మీ కంప్యూటరులో ఏ రకం నిద్ర ఉందో కెర్నెల్ ఒక చిన్న ఫైలులో చెబుతుంది, తెర మీద చూపిస్తున్నాను. డీప్ అనే మాట ఉంటే అదృష్టం, దానినే ఎంచుకోండి. లేకపోతే ఎక్కువసేపు వాడనప్పుడు పూర్తిగా ఆపేయండి. లినక్స్ త్వరగానే లేస్తుంది.

ఇక మన భాష. ఎన్ని మార్గదర్శకాలు చదివినా ఈ భాగం ఎవరూ చెప్పరు, కాబట్టి నేను చెప్తాను. తెలుగు అక్షరానికి కింద వత్తు వస్తుంది, పైన గుడి వస్తుంది. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే కొలత పది అంగుళాల తెర మీద తెలుగుకు సరిపోదు. 'రాష్ట్రం' అని రాసి చూడండి, వత్తులు ముద్దగా కనిపిస్తాయి. పెట్టగానే మొదట అక్షరాల పరిమాణాన్ని 1.25 రెట్లు చేయండి. నోటో, లోహిత్ ఫాంట్లు చాలా డిస్ట్రోలలో సులువుగా దొరుకుతాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు మనకిచ్చిన పోతన 2000, వేమన 2000 ఫాంట్లు డెబియన్ ప్యాకేజీగానే ఉన్నాయి. చదవడానికి నాకు పోతన ఇష్టం.

రాయడానికి కీబోర్డు ఉన్నప్పుడు ఐబస్, ఎమ్17ఎన్ అనే టైపింగ్ ప్రోగ్రాములు వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు అమరిక ఉంది, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ ఉంది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగువారు ఇంటర్నెట్ తొలి రోజుల్లో రూపొందించుకున్న పద్ధతి అది, ఇప్పటికీ పనికొస్తోంది. కీబోర్డు ఊడదీశాక? తెర మీద కీబోర్డులో తెలుగు వస్తుందా రాదా అన్నది పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూస్తున్నప్పుడే పరీక్షించండి. లినక్స్ ఫోన్లలో వాడే స్క్వీక్‌బోర్డ్ అనే తెర కీబోర్డు లేఔట్లు మామూలు పాఠ్య ఫైళ్లు. ఏ వరుసలో ఏ అక్షరం, అంతే. తెలుగు టీచర్లు, కంప్యూటర్ విద్యార్థులు పక్కపక్కన కూర్చుని ఉన్నారు ఇక్కడ. మన అచ్చులు, హల్లులు, గుణింతాలు వేలికి హాయిగా అందేలా ఎలా అమర్చాలో మీకంటే బాగా ఎవరికి తెలుసు? అది మీరు చేయగల పని, నిజంగా.

పెన్ను ఉన్న కంప్యూటరు ఉంటే ఉపాధ్యాయులు జోర్నల్ ప్లస్ ప్లస్ తప్పక చూడండి. పీడీఎఫ్ మీద నేరుగా రాయవచ్చు, పిల్లల జవాబులు దిద్దవచ్చు. లెక్కల మాస్టారికి నల్లబల్ల చేతిలోకి వచ్చినట్లే. పాత థింక్‌ప్యాడ్ ఎక్స్ వరుస టాబ్లెట్లు, ఎక్స్220, ఎక్స్230 లాంటివి, వేకమ్ అనే సంస్థ పెన్నుతో వచ్చేవి. వేకమ్‌కు లినక్స్‌లో ఎప్పటినుంచో మంచి మద్దతు ఉంది. బరువు కొంచెం ఎక్కువే, కానీ ర్యామ్ మార్చుకోవచ్చు, బ్యాటరీ మార్చుకోవచ్చు, నిల్వ మార్చుకోవచ్చు. అలాంటివి ఇప్పుడు అరుదు.

అడగండి అమ్మా, మీ ప్రశ్న. గట్టిగా చెప్పండి, అందరికీ వినపడాలి.

సరే, అమ్మాయి అడిగింది ఏమిటంటే: "మా ఇంట్లో ఉన్నది ఫోను ప్రాసెసర్ ఉన్న ఆండ్రాయిడ్ టాబ్లెట్. దాని మీద ఉబుంటు పెట్టవచ్చా?" మంచి ప్రశ్న. ఉబుంటు కూడా ఒక లినక్స్ డిస్ట్రోనే. ఇందాక చెప్పిన ఏసీపీఐ పట్టికలు ఆ ఆర్మ్ టాబ్లెట్లలో అసలు ఉండవు. ఏ చిప్ ఎక్కడుందో చెప్పే డివైస్ ట్రీ అనే ఫైలు ఒక్కొక్క మోడల్‌కు విడిగా రాయాలి. అందుకే ఒకే పెన్‌డ్రైవ్ అన్నిటికీ పనిచేయదు. పైగా వ్యవస్థను మొదలుపెట్టే బూట్‌లోడర్‌కు తాళం ఉండవచ్చు. పోస్ట్‌మార్కెట్ ఓఎస్ అనే ప్రాజెక్టువారు చాలా మోడళ్ల మీద పనిచేస్తున్నారు. వారి జాబితాలో మీ మోడల్ ఉంటే, టచ్, వైఫై, శబ్దం పనిచేస్తాయని అక్కడ రాసి ఉంటే ప్రయత్నించండి. లేకపోతే ఆ టాబ్లెట్‌ను ఆండ్రాయిడ్‌తోనే వాడుకోండి. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క టాబ్లెట్‌ను ప్రయోగానికి పెట్టవద్దు, తమ్ముడో చెల్లెలో దాని మీదే చదువుకుంటూ ఉండవచ్చు.

చివరిగా, ఇప్పుడు మనం చేయబోయే పని చెప్తాను. ఇంటి నుంచి కంప్యూటర్లు తెచ్చినవారు ఉన్నారు కదా. ఏదీ చెరపవద్దు. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూస్తాం, అంతే. విండోస్ ఉన్న కంప్యూటరు అయితే ముందు ఫైళ్లకు తాళం వేసే బిట్‌లాకర్ ఉందో లేదో చూసుకుని, ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. బూట్ సెట్టింగులు మారాక ఆ కీ అడిగితే, అది లేకపోతే మీ ఫోటోలు మీకే అందవు. లినక్స్ తెరుచుకున్నాక ఒక్కొక్కటిగా చూడండి. వైఫై కలుస్తుందా? పాట పెడితే స్పీకరులో వస్తుందా? టచ్ వేలు పెట్టిన చోటే పడుతుందా, పక్కన పడుతుందా? నిలువుగా తిప్పితే తెర సరైన వైపుకే తిరుగుతుందా? కీబోర్డు వెనక్కి మడిస్తే మీటలు పనిచేయడం ఆగుతుందా? మూత మూసి అయిదు నిమిషాలు ఆగి తెరిస్తే లేస్తుందా? తెలుగు సరిగా కనిపిస్తుందా?

పనిచేసినవి రాసుకోండి. పనిచేయనివి ఇంకా శ్రద్ధగా రాసుకోండి. కంప్యూటరు తనను తాను ఏ పేరుతో పిలుచుకుంటుందో, తయారీదారు పేరు, మోడల్ పేరు, కెర్నెల్ ఒక చోట చూపిస్తుంది. ఆ వరుసలు అక్షరం పొల్లుపోకుండా నకలు చేసుకోండి. ఖాళీ చోట్లతో సహా, ఎందుకంటే పట్టికలో పోలిక ఆ అక్షరాలతోనే జరుగుతుంది. సెన్సరు అంకెలు ఎలా చూడాలో నేను పక్కన కూర్చుని చూపిస్తాను. నివేదిక ఇంగ్లీషులో పంపాలి, దానికి భయపడకండి. మోడల్ పేరు, ఏది పనిచేయలేదు, ఏ కెర్నెల్ మీద చూశారు, అంతే రాయాలి, నాలుగు వాక్యాలు. ఎవరైనా తిరిగి ప్రశ్న అడిగితే జవాబు ఇవ్వండి, మధ్యలో వదిలేయకండి. మీ మోడల్ మళ్లీ ఎవరి చేతిలో ఉందో ఆ పట్టికలు చూసేవారికి తెలియదు.

పెన్‌డ్రైవ్‌లు ఈ బల్ల మీద ఉన్నాయి. ఎర్ర దారం కట్టినవి 32 బిట్ల ఫర్మ్‌వేర్ ఉన్నవాటికి, మిగతావి మామూలువి. బ్యాటరీ తక్కువ ఉన్నవారు కిటికీ వైపు గోడకున్న ప్లగ్గుల దగ్గర కూర్చోండి. రండి, మొదలుపెడదాం.